ముందు ఆగడం... ఆ తర్వాతే వేగం!

కారు కొన్న ప్రతి కుర్రాడికీ ఏదో ఒకరోజు ఓ కోరిక పుడుతుంది. బండి ఇంకాస్త దూకుడుగా వెళ్తే ఎంత బాగుండు! చేతిలో నాలుగు డబ్బులుంటే ఆ కోరికే మెకానిక్ షెడ్డు దాకా తీసుకెళ్తుంది. మరి, మొదటి రూపాయి దేనిమీద పెట్టాలి?

హైదరాబాద్‌లో ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వయసు 27. 2024లో, 2018 మోడల్ స్విఫ్ట్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. పెట్రోలు బండి, ఐదు గేర్లు, చేత్తో మార్చుకోవాల్సిందే. 'ఈ ట్రాఫిక్‌లో ఆటోమేటిక్ హాయి కదరా' అని స్నేహితులు చెప్పినా వినలేదు. క్లచ్ తొక్కి గేరు మారుస్తుంటే ఇంజిన్ గొంతు మారుతుందే, ఆ సరదా వాళ్లకేం తెలుసన్నది అతని వాదన. ఏడాది చివర్లో బోనస్ వచ్చింది. ఇంటికి పంపాల్సింది పంపగా 40 వేలు మిగిలాయి. అవి కారుకేనని ముందే అనుకున్నాడు.

ఫోన్‌లో ఓ చిట్టా కూడా రాసుకున్నాడు. గాలి ఎక్కువ పీల్చే కోన్ ఫిల్టరు, లావు గొట్టం సైలెన్సర్, ఇంజిన్ కంప్యూటర్‌కి రీమ్యాప్, 16 అంగుళాల అల్లాయ్ వీల్స్, బండిని కిందికి దించే స్ప్రింగులు. అన్నీ కొనలేడు. ఏది ముందన్నదే ప్రశ్న.

చప్పుడు సరే... వేగమేదీ?

ఆ కారు ఇంజిన్ 1,197 సీసీ. నిమిషానికి 6,000 చుట్లు తిరిగినప్పుడు 83 హార్స్‌పవర్ ఇస్తుంది. టర్బో లేదు. అంటే గాలిని లోపలికి బలవంతంగా తోసే ఏర్పాటేదీ ఉండదు, ఎంత పీల్చుకోగలిగితే అంతే. ఇలాంటి ఇంజిన్‌కి పైపై మార్పులు చేస్తే దక్కేది చాలా తక్కువ.

ముందు ఫిల్టరు సంగతి. కంపెనీ పెట్టిన పేపరు ఫిల్టరు శుభ్రంగా ఉంటే ఆ చిన్న ఇంజిన్‌కి కావాల్సినంత గాలి వస్తుంది. దాన్ని తీసేసి బానెట్ కింద తెరిచి ఉండే కోన్ ఫిల్టరు పెడితే, పీల్చేది ఇంజిన్ వేడికి కాగిన గాలి. వేడి గాలి పలచన, అందులో ఆక్సిజన్ తక్కువ. పైగా మన రోడ్ల దుమ్ము! సైలెన్సర్ మారిస్తే చప్పుడు బాగా పెరుగుతుంది. చెవికి వేగం పెరిగినట్టే ఉంటుంది, కానీ గడియారం పెట్టి చూస్తే పెద్ద తేడా కనిపించదు.

ఇక రీమ్యాప్. టర్బో ఉన్న డీజిల్ బండిలో దాని ప్రభావం గట్టిగానే ఉంటుంది. టర్బో లేని పెట్రోలు ఇంజిన్‌లో ఓ నాలుగైదు హార్స్‌పవర్ పెరిగితే గొప్ప. ఇద్దరు కూర్చున్నాక ఆ కారు దాదాపు ఒక టన్ను బరువు తూగుతుంది. డిక్కీలో ఏడాదిగా ఊరికే తిరుగుతున్న 50 కిలోల సామాను దించేసినా పికప్‌లో అంతే లాభం. దానికి రూపాయి ఖర్చు లేదు!

నాన్న చదివిన నాలుగంకెలు

2025 సంక్రాంతికి ఆ కుర్రాడు కారులోనే గుంటూరు వెళ్లాడు. వాళ్ల నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఏ బండి గుమ్మం ముందు ఆగినా ఆయన ముందు చూసేది రంగు కాదు, టైర్లు. కళ్లజోడు పెట్టుకుని ముందు టైరు పక్క వంగాడు. అంచు మీద ఓ చిన్న గడిలో నాలుగంకెలు... 2218.

"ఒరేయ్, ఇది బండితోపాటే పుట్టిన టైరు" అన్నాడు.

టైరు పుట్టినరోజు దాని ఒంటిమీదే రాసి ఉంటుంది. మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2218 అంటే 2018లో 22వ వారం. అప్పటికి ఆరున్నరేళ్లు దాటాయన్నమాట.

"గాడులు ఇంకా ఉన్నాయి కదా నాన్నా" అన్నాడు కొడుకు.

"గాడులుంటే చాలదురా. రబ్బరు చూడు, చెక్కలా బిగిసిపోయింది. పక్కన సన్నగా పగుళ్లు కూడా వచ్చాయి. వానలో దీన్ని నమ్ముకుని బ్రేకు కొడతావా?"

కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదన్నది మన దేశంలో నిబంధన. అంత దాకా అరిగిందో లేదో చెప్పడానికి గాడుల మధ్యలో చిన్న గట్లు ఉంటాయి. టైరు వాటితో సమానమైతే మార్చేయాలి. కానీ రబ్బరు వయసు మీద పడి గట్టిపడటాన్ని ఆ గట్లు చెప్పవు. ఎండకి, వేడికి, కాలానికి మెత్తదనం పోయిన టైరు, గాడులున్నా రోడ్డుని మునుపటిలా పట్టుకోదు.

49 మీటర్ల దగ్గర తేలే లెక్క

ఆ రాత్రి కొడుకు కాగితం, పెన్ను తీశాడు. ఎంతైనా ఇంజినీరు కదా!

గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. ఎదురుగా ఏదో అడ్డొచ్చిందని కన్ను చూసి, కాలు బ్రేకు మీదకు వెళ్లడానికి ఒక సెకను. అంతలోనే 28 మీటర్లు వెళ్లిపోయాం. ఆ తర్వాత మంచి టైర్లతో పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే మరో 49 మీటర్లలో కారు ఆగుతుంది. అదే టైరు పట్టు నాలుగోవంతు తగ్గిందనుకుందాం. అప్పుడు 66 మీటర్లు కావాలి. తేడా 17 మీటర్లే కదా అనిపిస్తుంది. అసలు విషయం అక్కడ లేదు. మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోట, రెండో కారు వేగం ఎంత? లెక్క వేస్తే వచ్చిన జవాబు... గంటకు 50 కిలోమీటర్లు!

కాగితం మీద ఆ అంకె చూశాక అతను కాసేపు ఏమీ రాయలేదు. ఒక కారు ఆగింది. అదే చోట ఇంకో కారు 50 వేగంతో గుద్దుతోంది. రెండింటికీ ఇంజిన్ ఒకటే, డ్రైవరూ ఒకడే.

'ఏబీఎస్ ఉందిగా' అనుకుంటారు చాలామంది. ఏబీఎస్ చక్రాలు బిగుసుకుపోకుండా చూస్తుంది, స్టీరింగ్ మన మాట వినేలా చేస్తుంది. కానీ టైరులో లేని పట్టుని అది తెచ్చిపెట్టలేదు. టన్ను బరువున్న కారుకి రోడ్డుతో ఉన్న సంబంధమల్లా అరచేయంత రబ్బరు ముక్కలు నాలుగు. లాగేది, తిప్పేది, ఆపేది అన్నీ వాటి ద్వారానే.

ఎక్కిన గేరులోనే దిగాలి

వేసవిలో అమ్మ మొక్కు తీర్చడానికి శ్రీశైలం వెళ్లాలని ఇంట్లో అనుకుంటున్నారు. నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం, దోర్నాల... అక్కణ్నుంచి నల్లమల ఘాట్. కారు నిండా మనుషులు, సామాను. ఎక్కేటప్పుడు ఇంజిన్‌కి పని, దిగేటప్పుడు బ్రేకులకి.

బ్రేకుల్లో చాలామంది మరిచిపోయేది బ్రేక్ ఆయిల్. అది గాల్లోని తేమను నెమ్మదిగా పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టాక 155 డిగ్రీల దాకా తట్టుకుంటే చాలంటారు. అంటే పాతబడేకొద్దీ దాని తట్టుకునే శక్తి అంత పడిపోతుంది. ఘాట్‌లో బ్రేకు మీద కాలు తీయకుండా దిగితే ప్యాడ్లు కాలతాయి, ఆ వేడికి ఆయిల్ మరిగి బుడగలొస్తాయి. అప్పుడు పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి మాత్రం ఆగదు. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడం ఏ రీమ్యాప్ కన్నా చాలా చవక.

"ఎక్కిన గేరులోనే దిగాలి" అన్నది ఆ నాన్న సర్వీసంతా పాటించిన సూత్రం. మూడో గేరులో ఎక్కిన మలుపుని మూడో గేరులోనే దిగితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకుకి ఊపిరి తిరుగుతుంది. పెట్రోలు ఆదా అవుతుందని కొందరు న్యూట్రల్‌లో దింపేస్తారు. నిజానికి ఇప్పటి ఇంజిన్లు, గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలు సరఫరా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో ఉంటేనే ఇంజిన్ ఆగిపోకుండా కొంత తాగుతూ ఉంటుంది. ఆదా లేదు సరికదా, పట్టూ పోతుంది!

ఎడమ కాలు నేర్చుకోవాల్సింది

చేత్తో గేరు వేసే బండిలో పికప్ సగం డ్రైవరు ఎడమ కాలిలోనే ఉంటుంది. హాఫ్ క్లచ్‌లో పాకించే అలవాటుంటే క్లచ్ ప్లేటు త్వరగా అరుగుతుంది. పై గేరులో యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఇంజిన్ అరుపు పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు జారుతున్నట్టే. అలాంటి బండికి ఎంత పవర్ పెంచినా అది చక్రం దాకా చేరదు. టర్బో డీజిల్‌కి రీమ్యాప్ చేయించినవాళ్లలో కొందరికి వెంటనే క్లచ్ ఖర్చు తగిలేది అందుకే.

పవర్ తక్కువైతే సరదా ఉండదన్నది కూడా నిజం కాదు. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు, కోయంబత్తూరు కుర్రాడు నారాయణ్ కార్తికేయన్ తొలినాళ్లలో నడిపింది ఫార్ములా మారుతి. అందులో ఉండేది మన మారుతి 800 ఇంజినే!

చట్టం సంగతీ చూసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన స్వరూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకీ యజమానికి 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పులు క్లెయిమ్ దగ్గర పేచీ తెస్తాయి. అదే సైజు మంచి టైరుకి, కొత్త ప్యాడ్లకి ఈ గొడవేదీ లేదు.

చివరికి చిట్టా తలకిందులైంది

ముందు సర్వీసింగ్. కొత్త పేపరు ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గులు, ఇంజిన్ ఆయిల్. తర్వాత టైర్లు. ఆ తర్వాత ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్. షాక్ అబ్జార్బర్లు కారుతున్నాయేమో చూపించుకోవడం. ఇవన్నీ అయ్యాకే ఇంజిన్ జోలికి.

టైర్ల షాపులో "అల్లాయ్స్ వేయించండి బాబూ, లుక్ మారిపోద్ది" అన్నారు. అతని బండికి వచ్చింది 165/80 ఆర్14. అదే మోడల్ ఖరీదైన రకానికి కంపెనీ ఇచ్చింది 185/65 ఆర్15. లెక్క వేస్తే రెండింటి ఎత్తులో తేడా రెండు మిల్లీమీటర్లే. పెట్టుకోవచ్చు, కానీ చక్రాలు కూడా కొత్తవి కొనాలి. ఆ డబ్బుతో పాత సైజులోనే మేలురకం రబ్బరు వస్తుంది. అతను రబ్బరుకే ఓటేశాడు. నాలుగు టైర్లకు, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్‌తో కలిపి సగానికి పైగా అయింది. సర్వీసింగ్, బ్రేకులు పోగా చేతిలో కొద్దిగా మిగిలింది.

షాపతను పాత టైర్లకు కొంత ఇస్తానన్నాడు. వాటిని ఏం చేస్తారని నాన్న అడిగాడు. "గాడులున్నాయి కదండీ, ఎవరో ఒకరు వేయించుకుంటారు" అన్నాడతను. నాన్న డబ్బు వద్దన్నాడు. నాలుగింటికీ పక్కన కత్తితో కోయించి, ఇంక ఏ బండికీ ఎక్కవని చూసుకున్నాకే కారెక్కాడు.

సైలెన్సర్ మీద కుర్రాడి మోజు ఇంకా పోలేదు. ఫోన్‌లో ఆ పేరు కొట్టేయలేదు కూడా. అట్టడుగుకి జరిపాడంతే!