సాకేత్‌లో ఓరుగల్లు

వైద్యం కోసం దక్షిణ ఢిల్లీలోని సాకేత్‌కు వచ్చిన అఫ్ఘన్ కుటుంబాలెన్నో ఆసుపత్రికి ఎదురుగా ఉన్న హౌజ్‌రానీ సందులలో అద్దె గదులు తీసుకున్నాయి. మాట చెప్పి పెట్టే దుబాసీ, తమ దేశపు రొట్టె దొరికే అంగడి - పరాయి ఊళ్లో వారు మొదట వెదకినవి ఇవే.

పరదేశులు ఈ ప్రాంతానికి కొత్త కాదు. చెంతనే ఉన్న ఖిడ్కీ గ్రామంలోని 14వ శతాబ్దపు మసీదును కట్టించినవాడు జునాన్ షా. అతని తండ్రి ఓరుగల్లు వాడు. 1323లో కాకతీయ రాజ్యం కూలిన పిమ్మట బందీగా ఢిల్లీ చేరి, మతం మారి మక్బూల్ అయ్యాడు. చదువు రాకున్నా ఫిరోజ్ షా తుగ్లక్‌కు ప్రధానమంత్రి కాగలిగాడు.

ఢిల్లీ ఆయనకు పదవినిచ్చి, పుట్టుపేరును తీసుకున్నది. పుట్టిన గడ్డను మాత్రం తీసుకోలేకపోయింది. చరిత్ర ఆయనను నేటికీ మక్బూల్ తిలంగానీ అనే పిలుస్తున్నది.