వేళకు ముందు పడిన నిప్పు



మన వ్యాను ఎత్తు ఎక్కేటప్పుడు డబ్బాలో గోలీలు ఆడించినట్టు టకటకమనేది మీలో చాలామంది విన్నారు. మేమూ విన్నాము. విని, పాటల సౌండు పెంచాము. రెండు నెలలు కోసిగి చుట్టూ అలాగే తిరిగాము.

చివరికి ఆదోనిలో ఒక మెకానిక్ తమ్ముడికి చూపించాము. ఆయన వెంటనే స్పానర్ పట్టలేదు. "ఎప్పుడొస్తాది సార్? ఎత్తులోనా, సాపు రోడ్డులోనా? వేడెక్కినాకనా? యాక్సిలేటర్ వదిలితే ఆగిపోతాదా?" అని అడిగాడు. పాటలు ఆపమని, మా పక్కన కూర్చొని బండి నడిపించాడు. బరువు మీద వచ్చి, కాలు తీస్తే ఆగేది పింగింగ్ అట. లోపల లోతుగా దబదబమంటే బేరింగ్ పోయినట్టు, బండి అక్కడే ఆపాలట.

ప్లగ్గు దగ్గర పుట్టిన మంట పెట్రోలు ఆవిరిలో వరుసగా పాకాలి. ఇంజను బాగా కాగినా, కార్బన్ పేరుకున్నా, నిప్పురవ్వ వేళకు ముందే పడినా, మంట చేరకముందే మిగిలిన ఆవిరి తనంతట తానే భగ్గుమంటుంది. మనం వినేది ఆ దెబ్బనే. పట్టించుకోకపోతే పిస్టన్ పాడవుతుంది. మన బండిలో నిప్పు ముందే పడుతోంది. టైమింగ్ సరిచేశాడు.

ఈ చప్పుడు ఆపడానికే 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ అనే ఇంజనీరు పెట్రోలులో సీసం కలిపే దారి కనిపెట్టాడు. చప్పుడు ఆగింది. కానీ సీసం పొగలో కలిసి మనుషుల ఊపిరిలోకి చేరింది. మన దేశంలో ఆ పెట్రోలు 2000లో ఆగింది. చప్పుడు ఆగితే అంతా బాగైనట్టు కాదు.

తిరిగి వస్తుంటే దారంతా ఒక అక్క గుర్తుకొచ్చింది. గుంటూరు వైపు మిరపకాయల సుగ్గికి పోయి వచ్చిన అక్క. మూడు ఆదివారాలు ఆరాధన అయ్యాక మందిరం గడప దగ్గర నిలబడింది. "అయ్యగారూ, ఒక మాట" అనగానే మేము తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టాము. ఆమె ఆమేన్ అని వెళ్లిపోయింది. ప్రార్థన తప్పు కాదు. వేళకు ముందు పడింది. ఆమె నోరు మూయించింది.

ఆ సాయంత్రమే ఆమె ఇంటికి పోయాము. బైబిలు తెరవలేదు. "ఎప్పటినుంచి అక్కా?" అని మాత్రం అడిగాము. గంటకు పైగా చెప్పింది. ఆమె ఒప్పుకున్నందుకే ఇంతమట్టుకు రాస్తున్నాము, మిగతాది ఆమెది. ఆ కష్టం తీర్చే శక్తి మాకు లేదు. కానీ ఆ రాత్రి చేసిన ప్రార్థనలో ఆ కష్టానికి పేరు ఉంది.

సామెతలు 18:13, యాకోబు 1:19 ఇంట్లో చదవండి. మాకు ఎన్నోసార్లు బోధించిన వాక్యాలే. ఇప్పుడు అవి మమ్మల్ని చదివాయి.

మీలో ఎవరి మాటనైనా మేము మధ్యలో ఆపివుంటే క్షమించండి. మళ్లీ రండి. ముందు వింటాము, తర్వాత కలిసి మోకరిద్దాము.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.