మెట్టుగూడకి వెళ్ళే ముందు



ఈసారి గోడపత్రికకి నేను కథ రాయలేదు. మన తొమ్మిదో తరగతి అమ్మాయిలం జలపాతం చూడడానికి వెళ్ళాలనుకున్న సంగతి మీ అందరికీ తెలుసు. ఆ ప్లాను ఎలా తయారయ్యిందో, మధ్యలో నేను ఎందుకు ముంగిలాగ కూర్చున్నానో రాస్తున్నాను. తప్పులుంటే క్షమించండి. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. ఇంటి దగ్గర నా తప్పులు దిద్దేవాళ్ళు లేరు. మీరే దిద్దాలి.

రాత్రి భోజనాలయ్యాక, స్టడీ అవర్‌కి ముందు, వరండాలో అందరం కూర్చున్నాం. మొదట మా లీడరు, “బొర్రా గుహలు చూసి, అట్నుంచి కటికి జలపాతం ఎల్దాం” అంది. కటికి జలపాతం గోస్తనీ నది మీద ఉంది. ఆ గోస్తనీ నీళ్ళే కిందకి వచ్చి తాటిపూడి రిజర్వాయరులో చేరతాయి. తర్వాత భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తాయి. వినడానికి చాలా బాగుంది. కాని బొబ్బిలి నుండి విజయనగరం, అక్కడి నుండి కొత్తవలస పోయి, పొద్దున్నే కిరండూల్ వెళ్ళే రైలు అందుకోవాలి. “మనం లేచి జడలేసుకునేసరికే ఆ రైలు కొండెక్కిపోద్ది” అని నా పక్క మంచం పిల్ల అంది. అందరూ పకపకా నవ్వారు. కటికి కొట్టేశాం.

అప్పుడు మెట్టుగూడ అనుకున్నాం. అది సీతంపేట మండలంలో ఉంది. బొబ్బిలి నుండి రాజాం, రాజాం నుండి పాలకొండ, పాలకొండ నుండి సీతంపేట. పొద్దున్న వెళ్ళి చీకటి పడకముందే వచ్చేయవచ్చు. క్లాసులో ఉన్న పాత మ్యాపులో సీతంపేట శ్రీకాకుళం జిల్లాలో కనిపిస్తుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక అది పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. సీతంపేట అనగానే నా గుండె దడదడలాడింది. మా ఊరు ఆ కొండల్లోనే. కాని నేను పైకి చెప్పలేదు.

తర్వాత డబ్బుల లెక్క వచ్చింది. వ్యానుకి ఏడు వేలు అడిగారట. మేము 28 మందిమి. తలకి 250 రూపాయలు. అప్పుడు నలుగురు అమ్మాయిలు తల దించుకున్నారు. ఆ నలుగురిలో నేను ఒకదాన్ని. 250 అంటే మా అమ్మ ఎన్ని కొండచీపుర్లు కట్టాలో నాకు తెలుసు. “ఇవ్వలేనోళ్ళు వచ్చే ఏడు వస్తార్లే” అని ఎవరో అన్నారు. వెంటనే మా లీడరు, “ఒలే, వ్యానెందుకే? బస్సులో ఎల్దాం” అంది. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుండి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టికెట్‌కి డబ్బులు లేవు. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఆ మాటతో మా నలుగురికీ ప్రాణం లేచొచ్చింది.

ఇంక అందరూ హుషారుగా ఒక్కొక్కటి చెబుతున్నారు. పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు, పాటలు, అంత్యాక్షరి. లీడరు నోట్‌బుక్‌లో రాస్తోంది. “ఇంకేటైనా ఉందా?” అని అడిగింది. నేను మాట్లాడలేదు. “ఏటే, నీకు రావాలని లేదేటి?” అంది. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు మీకు ఒక నిజం చెప్పాలి. పోయిన సంక్రాంతి సెలవుల తర్వాత నేను 23 రోజులు బడికి రాలేదు. మీరందరూ అడిగితే జ్వరం అని చెప్పాను. అది అబద్ధం.

మా ఊరి పైన ఒక గెడ్డ ఉంది. రాళ్ళ మీద నుండి కిందకి దూకుతుంది. జలపాతమే, కాని చిన్నది. దానికి పేరు లేదు, ఏ బోర్డూ లేదు. మేము తాగేదీ, వండుకునేదీ ఆ నీళ్ళే. సంక్రాంతి సెలవుల్లో ఒక రోజు కొందరు బళ్ళేసుకొని అక్కడికి పిక్నిక్‌కి వచ్చారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. మా తమ్ముడికి బిస్కెట్లు ఇచ్చారు. పాటలు పెట్టుకొని డాన్సు చేశారు. నేను చింతచెట్టు వెనకాల నిలబడి ఆ పాటలు విన్నాను. నాకూ బాగున్నాయి. చీకటి పడేసరికి వాళ్ళు వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్న అమ్మ నీళ్ళకి వెళ్ళి గెడ్డలో దిగింది. నీళ్ళ అడుగున సీసా పెంకు ఉంది. గాజు కూడా నీళ్ళలాగే ఉంటుంది కదా, నీళ్ళలో పడితే కనపడదు. అమ్మ అరికాలు చీరుకుపోయింది. నాన్న వీపు మీద వేసుకొని రోడ్డు దాకా దించాడు. అక్కడి నుండి ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. ఏడు కుట్లు పడ్డాయి. కాలు తడవకూడదన్నారు. అది కొండచీపుర్లు కోసే కాలం. అమ్మ ఇంట్లో కూర్చుంటే నీళ్ళు ఎవరు తెస్తారు, వంట ఎవరు వండుతారు, తమ్ముణ్ణి ఎవరు చూస్తారు? నేనే. సెలవులు అయిపోయాయి. మీరందరూ వచ్చేశారు. నేను బిందె పట్టుకొని గెడ్డకి తిరుగుతూ ఉన్నాను. ఇంక చదువు లేదు అనుకున్నాను.

ఒక రోజు అమ్మ కర్ర పట్టుకొని కుంటుకుంటూ లేచింది. బిందె నా చేతిలో నుండి లాగేసుకుంది. మా సవర మాటలో తిట్టింది. తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది: “కాలికి డాక్టరు కుట్లేసాడు. సదువు తెగిపోతే ఎవుడేస్తాడు కుట్లు? నువ్వు బేగి ఎల్లు.”

మీకు జ్వరం అని ఎందుకు చెప్పానంటే, గెడ్డ నీళ్ళు తాగుతారా అని ఎవరైనా నవ్వుతారని. సవర మాట్లాడితే నవ్వుతారని కూడా నాకు భయం. కాని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం నాడు మన తెలుగు టీచరుగారు గిడుగు రామమూర్తి పంతులుగారి గురించి చెప్పారు. ఆయన పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకున్నారట. సవర పిల్లల కోసం బడులు పెట్టారట. అంత పెద్దాయన కష్టపడి నేర్చుకున్న మాట మా అమ్మ మాట. నీళ్ళని మేము ‘డా’ అంటాము. నాకు సిగ్గెందుకు?

అందుకని ఆ రాత్రి వరండాలో అంతా చెప్పేశాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత సాలూరు వైపు నుండి వచ్చిన అమ్మాయి, “మా ఊరి గెడ్డలో కూడా షాంపూ కాగితాలు తేలతాయి” అంది. లీడరు నోట్‌బుక్‌లో ఆ కాగితం చింపేసి, కొత్త కాగితం తీసింది. “మీ అమ్మకి గెడ్డ గురించి ఏటేటి తెలుసో అన్నీ సెప్పు” అంది. మా అమ్మకి అక్షరం ముక్క రాదు. కాని ఆవిడ చెప్పినవి మా ప్లానులో సగం ఉన్నాయి. ఇదే ఆ ప్లాను:

1. వానలు బాగా తగ్గాక, కార్తీక మాసంలో వెళ్ళాలి. ఆదివారం జనం ఎక్కువ. కాబట్టి వేరే సెలవు రోజు చూడాలి.

2. ఒకే బస్సులో 28 మందికి చోటు దొరకదు. రెండు జట్లు, జట్టుకి ఒక టీచరు. ప్రతి ఒక్కరికీ ఒక జత. బస్సు ఎక్కినప్పుడు, దిగినప్పుడు లెక్క పెట్టాలి.

3. నీళ్ళలో దిగే ముందు ఆ ఊరివాళ్ళని అడగాలి. కింద ఎండ కాస్తున్నా పైన కొండ మీద వాన పడి ఉండవచ్చు. నీళ్ళు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొచ్చినా, చప్పుడు పెరిగినా వెంటనే గట్టెక్కాలి.

4. నీళ్ళు పడేచోట అడుగున గొయ్యి పడి ఉంటుంది. అక్కడికి వెళ్ళకూడదు. పాచి పట్టిన రాళ్ళు ఎక్కకూడదు.

5. గాజు సీసా ఏదీ తేకూడదు. ప్లాస్టిక్ ప్లేట్లు వద్దు, అడ్డాకు విస్తర్లలో తినాలి. సబ్బు, షాంపూ వద్దు. కింద ఎవరో తాగుతారు.

6. రెండు గోనెసంచులు తీసుకువెళ్ళాలి. మన చెత్త మనం తెచ్చుకోవాలి. వేరేవాళ్ళు పడేసినవి కనపడితే, చేతులు కోసుకోకుండా, వీలైనన్ని ఏరాలి.

7. దూది, కట్టుగుడ్డ, మందు డబ్బా ఉండాలి.

ఏడోది రాస్తున్నప్పుడు నేను అమ్మ కాలిని తలచుకున్నాను. ఇప్పుడు మానిపోయింది. చలికాలం మాత్రం సలుపుతుందంట.

ఆదివారం ఫోనులో అమ్మకి ఈ సంగతి చెప్పాను. “నీళ్ళు సూడ్డానికి మూడు బస్సులెక్కి వస్తారా?” అని ఒకటే నవ్వు. తర్వాత, సంతకి సీతాఫలాలు తెచ్చే రోజైతే రోడ్డు దగ్గర నిలబడతానంది. ఎంతమంది అని అడిగింది. 28 అన్నాను. లెక్క సరిగా అర్థం కాలేదేమో, “అందరికీ తెస్తాన్లే” అంది.

వార్డెన్ మేడంగారూ, మీరు ఇంకా పర్మిషన్ ఇవ్వలేదు. ఆడపిల్లలు, నీళ్ళు, భయం అన్నారు. మీ భయం నిజమే. అందుకే ప్లాను అంతా ఇక్కడ రాశాను. ఏదైనా తక్కువైతే కింద ఖాళీ వదిలాను, దయచేసి అక్కడ రాయండి. మీరు కూడా మాతో వస్తే మా అమ్మని మీకు చూపిస్తాను. ఆవిడ సవరలో మాట్లాడుతుంది. నేను మీకు తెలుగులో చెబుతాను.

ఇట్లు
9వ తరగతి అమ్మాయి