తేలిక బండి

నాకు కార్లలో లోటస్ సెవెన్ అంటే ప్రాణం. 1957లో ఇంగ్లండులో కాలిన్ చాప్‌మన్ తెచ్చిన స్పోర్ట్స్ కారు అది. చాలామంది దాన్ని విడిభాగాలుగా కొని ఇంట్లోనే బిగించుకునేవాళ్లు. అలా కొంటే అక్కడ కొనుగోలు పన్ను తప్పేది. బరువు సుమారు 500 కిలోలే. బరువు తక్కువ కాబట్టి చిన్న ఇంజనుతోనే పరుగెత్తుతుంది, బ్రేకు వేస్తే త్వరగా ఆగుతుంది. 1973 నుంచి కేటర్‌హామ్ కంపెనీ దాన్ని తయారుచేస్తోంది.

హోసూరులో మా ఇంట్లో ఉండేది నాయన మోపెడ్. తెల్లారకముందే పూలమూటలు దానిమీదే మార్కెట్టుకు పోవాలి. దారిలో ఆగిపోతే పూలు వాడిపోతాయి, ఆనాటి డబ్బు రాదు. అందుకే ప్రతి ఆదివారం నాయనా నేనూ ప్లగ్గు మసి తుడిచి, చైనుకు నూనె పెట్టి, నట్లు బిగిస్తాం.

"మడ్‌గార్డు తీసేస్తే ఇంకా తేలికవుతుంది కదా నాయనా?" అని అడిగాను.

"బండి తేలికే రా, మూటే బరువు. ముందు బ్రేకు చూడు" అన్నాడు.

చూస్తే వెనక బ్రేకు షూ అరిగిపోయి ఉంది. ఇద్దరం కలిసి కొత్తది వేశాం. మోపెడ్ అయినా స్పోర్ట్స్ కారు అయినా, ఎంత బరువు మోస్తుందో, ఎట్లా ఆగుతుందో చూశాకే వేగం సంగతి.

పది అయ్యాక ఆటోమొబైల్ డిప్లొమా చదవాలని ఉంది. అక్కడ పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయంట. ఉండనీ. పని మాత్రం నాకు తెలుగులోనే వచ్చింది.