పిల్ల తరఫు మనిషి

గార్డియన్ అనే మాట మన ఇళ్ళకి పొలం కాగితాల్లోంచి వచ్చింది. "మైనరు గార్డియను తండ్రి ఫలానా" అని దస్తావేజుల్లో మీరూ చూసే ఉంటారు. పిల్లల ఆస్తి చూసేవాళ్ళు, పిల్లల మీద హక్కున్నవాళ్ళు అనే అర్థమే మన బుర్రల్లో ఉండిపోయింది. అందుకే ఒహాయోలో ఉన్న మా చెల్లి (పిన్ని కూతురు) విడాకుల కేసులో ఎనిమిదేళ్ళ పిల్లకి కోర్టు గార్డియన్ని పెట్టిందనగానే, కూతురికి తోడుగా వెళ్ళిన మా పిన్ని గుండె బాదుకుంది. "కన్నతల్లి బతికుండగా పిల్లని పరాయిదానికి రాసిచ్చేశారే" అని నాకు ఫోను.

కాదు పిన్నీ అని సర్దిచెప్పాలంటే ముందు నాకు తెలియాలిగా. చెల్లిని అడిగాను. ఆ పదవి పేరు గార్డియన్ యాడ్ లైటమ్. లాటిన్ మాట, వ్యాజ్యం మటుకు అని అర్థం. (తెలుగు బి.ఏ. చదివిన పాపానికి దీనికి మన మాట ఏం పెట్టొచ్చా అని రెండు రోజులు ఆలోచించాను. "పిల్ల తరఫు మనిషి" కన్నా మంచిది తట్టలేదు.) పిల్ల ఆమె ఇంట్లో ఉండదు. అమ్మకో లాయరు, నాన్నకో లాయరు ఉన్నచోట, పిల్లకేది మంచిదో విడిగా చూసి జడ్జికి చెప్పడం ఆమె పని. నిర్ణయం జడ్జిదే.

ఆమె చెల్లి ఇంటికొచ్చింది, అతని అపార్ట్‌మెంటుకీ వెళ్ళింది. స్కూల్లో టీచరుతో, పిల్లల డాక్టరుతో మాట్లాడింది. పెద్దవాళ్ళెవరూ లేకుండా పిల్లతో కూర్చుంది. పొద్దున్నే ఎవరు లేపుతారు, జడెవరు వేస్తారు, జ్వరమొస్తే ఎవరి దగ్గర పడుకుంటావు, ఇంట్లో అరుపులు వినిపిస్తే ఏం చేస్తావు... ఇవీ ప్రశ్నలు. ఆఖరి దానికి "బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పేస్తా" అని చెప్పిందట పిల్ల. ఆ ఇంట్లోనే ఉన్న చెల్లికి రిపోర్టు చదివేదాకా ఆ సంగతి తెలీదు.

అమ్మ కావాలా నాన్న కావాలా అని మాత్రం ఆమె అడగలేదు. అదే ప్రశ్న మన చుట్టాలు వీడియో కాల్లో ఎన్నిసార్లు అడిగారో! పిల్ల ఏం చెప్తుంది పాపం, ఫోను ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ పేరు చెబుతుంది.

మన దగ్గరా 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోనే పిల్లల క్షేమం చూడాలనీ, ఊహ తెలిసిన పిల్లలైతే వాళ్ళ ఇష్టం కూడా గమనించవచ్చనీ ఉంది. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం కౌన్సెలర్లను పెట్టమంది. కుటుంబ సంక్షేమం తెలిసినవాళ్ళ సాయం, వీలైతే ఆడవాళ్ళ సాయం, తీసుకోవచ్చంది. జడ్జిగారు పిల్లల్ని ఛాంబర్లోకి పిలిచి మాట్లాడటమూ ఉంది. కానీ ఛాంబర్లో పావుగంటలో ఆ కుళాయి సంగతి బయటికొస్తుందా? రెండిళ్ళూ తిరిగి చూసే మనిషి ప్రతి కేసులోనూ ఉండాలన్న నియమం మనకి లేదు.

అలాగని అక్కడ అన్నీ బాగున్నాయని అనను. ఫీజు గంటల లెక్కన, చెల్లీ అతనూ చెరిసగం కట్టారు. పైగా మన ఇల్లు ఆమెకెలా అర్థమవుతుంది? ఇంత పిల్ల అమ్మమ్మ పక్కన పడుకోవడమేమిటి, తనకి వేరే మంచం లేదా అని అడిగింది. ఇంకా అన్నం కలిపి తినిపిస్తున్నారా అని ఆశ్చర్యపోయింది. చెల్లి ఓపిగ్గా చెప్పింది, ఆమె రాసుకుంది.

చివరికి రిపోర్టులో బడి రోజులు తల్లి దగ్గర, బుధవారం సాయంత్రాలు, వారం విడిచి వారం శని ఆదివారాలు తండ్రి దగ్గర అని వచ్చింది. అప్పగింతలు గుమ్మం దగ్గర కాదు, స్కూలు దగ్గర. పిల్ల ముందు మాటా మాటా రాకుండా. తండ్రి రోజూ పక్కన కూర్చుని లెక్కలు నేర్పేవాడని కూడా రాసింది. "మన డబ్బు తీసుకుని అతన్ని మెచ్చుకుంటుందా" అని పిన్నికి ఒళ్ళు మండింది. నాకైతే ఆ ఒక్క వాక్యం చూశాకే మిగతా రిపోర్టు మీద నమ్మకం కలిగింది. జడ్జి కూడా ఇంచుమించు అలాగే ఒప్పుకున్నారు.

పిన్ని ఇప్పటికీ ఆమెని తిడుతూనే ఉంది. బుధవారం పొద్దున మాత్రం పిల్ల బ్యాగులో ఇంకో డబ్బా ఎక్కువ సర్దుతుందట, పులిహోర. రాత్రికి అక్కడ ఏం పెడతాడో ఏమో అని. ఇద్దరికి సరిపడేంత ఉంటుంది అంటోంది చెల్లి.