అవ్వ పళ్ళసెట్టు

కట్టుడు పళ్ళు పెట్టించుకున్నా మా అవ్వ ఆకు వక్క మానలేదు. తాత ఛాంపియన్ రీఫ్ గనిలో రాత్రి షిఫ్టుకు పోతే, ఆయన పైకి వచ్చేదాకా వాకిట్లో కూర్చుని నమలడం అప్పటి అలవాటు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేసినారు. ఆకుసంచి మాత్రం మూతపడలేదు.

రెండేళ్ళకే సెట్టు ఎర్రబారి, సందుల్లో నల్లగా గారకట్టింది. మా చెల్లెలి పెళ్ళి ఫోటోల్లో అవ్వ అన్నిట్లోనూ నోటికి కొంగు అడ్డం పెట్టుకునే ఉంది.

మన కోలారు జిల్లాలో చాలా ఊళ్ళ బోరునీళ్ళల్లో ఫ్లోరైడు ఎక్కువ. పసితనంలో ఆ నీళ్ళు తాగినవాళ్ళ పళ్ళకు వచ్చే గోధుమరంగు మచ్చ పంటిలోనే ఉంటుంది, ఎంత తోమినా పోదు. అక్రిలిక్ పళ్ళ సంగతి అది కాదు. వాటి మరక చాలావరకు పైన పట్టినదే.

అందుకే మాత్రలు తెప్పించినాను. గోరువెచ్చని నీళ్ళల్లో వేస్తే బుసబుసా పొంగి, ఆక్సిజన్ బుడగలు మరకను వదులు చేస్తాయి. టీ రంగు, ఆ పూట వక్క ఎరుపు బాగానే పోయినాయి. సున్నంతో కలిసి గట్టిపడిన పాత గార మాత్రం కదల్లేదు. దాన్ని పళ్ళ డాక్టరు గీకి పాలిష్ పట్టినాకే సెట్టు తేటపడింది. ఆయన చెప్పిందొకటే: మాత్ర ఉంది కదా అని బ్రష్షు మానొద్దు. తిన్న వెంటనే కడగాల, మెత్తటి బ్రష్షు, మామూలు సబ్బు చాలు.

అమ్మ పళ్ళపొడితో రుద్దేది. గరుకుపొడికి అక్రిలిక్ గీతలు పడుతుంది, ఆ గీతల్లోకే మళ్ళీ రంగు దిగుతుంది. మరిగే నీళ్ళల్లో వేస్తే సెట్టు వంకర పోతుంది. బ్లీచింగు నీళ్ళు మరక తీస్తాయి, నిజమే. ఎక్కువసేపు నానితే చిగురు గులాబీరంగునూ తీసేస్తాయి, లోహపు కొక్కెం ఉంటే దాన్నీ తినేస్తాయి. మా ఇంట్లో ఆ జోలికి పోలేదు.

ఇప్పుడు పడుకునే ముందు సెట్టు తోమి, స్టీలు లోటాలో మాత్ర వేసి, ఆ చప్పుడు వింటుంది అవ్వ. "సోడా మాదిరే ఉందే, తాగితే గ్యాసు పోతాదా?" అని ఒకనాడు అడిగింది. తాగేది కాదు, నోట్లో వేసుకునేదీ కాదు; అందుకే ఆ లోటాకు మూత పెట్టి, ఎర్రదారం కట్టి పెట్టినాను. పొద్దున సెట్టును మంచినీళ్ళల్లో బాగా కడిగి ఇస్తాను. కింది వరసలో రెండు పళ్ళకు కొంచెం ఎరుపు ఇంకా ఉంది. "ఆ మాత్రం ఉండనీరా," అంటుంది, ఆకుకు సున్నం రాసుకుంటా.