సున్నా కింద పోయిన సగం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేశారు. నాకు కవితలు రావు. 2021 నుండి 2024 వరకు ఈ హాస్టల్లోనే ఉండి పాలిటెక్నిక్‌లో ఈసీఈ డిప్లొమా చదివాను. అందుకని మా చివరి ఏడాది ప్రాజెక్టు గురించి రాస్తున్నాను.

మా పెద్దనాయిన కొడుకు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. 2022లో పని కోసం దుబాయి పోతూ ఆ గిటారును మా ఇంట్లో పెట్టాడు. మా చెల్లెకు నేర్చుకోవాలని ఆశ. కానీ తీగలు వదులై శ్రుతి తప్పాయి. బిగించడం మా ఇంట్లో ఎవరికీ రాదు. గిటారు అటక ఎక్కింది.

2024 జనవరిలో ప్రాజెక్టు సంగతి వచ్చింది. మా బ్యాచ్‌లో నలుగురం. రెడీమేడ్ ప్రాజెక్టు 8,000కు దొరుకుతుంది, తలా 2,000 వేసుకుందామని మిత్రులు అన్నారు. అమ్మకు చెప్పాను. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని పంపింది. "మంచిగ చదువుకో బిడ్డా" అన్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరో చేసిన డబ్బాను నా పేరు మీద పెట్టుకోవడానికి అమ్మ అప్పు చేసింది. తెల్లారి మిత్రులతో, "మనమే చేద్దాం, గిటారు శ్రుతి చూపించే యంత్రం" అన్నాను. కాసేపు వాదులాడుకుని సరేనన్నారు.

కోఠి గుజరాతీ గల్లీకి పోయి ఒక ఆర్డుయినో ఊనో బోర్డు, ఒక ఎల్ఎం358 ఆప్‌ఆంప్, రెసిస్టర్లు, కెపాసిటర్లు, నాలుగు పీజో డిస్కులు తెచ్చాం. అన్నీ కలిపి 900 రూపాయలు. పీజో డిస్క్ అంటే బజర్లలో ఉండే పలుచని ఇత్తడి బిళ్ల. దానికి కదలిక తగిలితే చిన్న కరెంటు పుడుతుంది. దాన్ని గిటారు బ్రిడ్జి పక్కన చెక్కకు టేపుతో అంటించి, వైరును బోర్డుకు కలిపి, తీగ మీటాం. తెర మీద 0, 0, 6, 0, 8, 0, 0. అంతే. మిత్రులు నా ముఖం చూశారు.

కారణం తర్వాత తెలిసింది. ఊనోలోని ఏటీమెగా328పి చిప్పులో ఉన్న ఏడీసీ పది బిట్లది. 0 నుండి 5 వోల్టుల వరకు ఉన్న దూరాన్ని 1024 మెట్లుగా చేసి, వచ్చిన వోల్టేజి ఏ మెట్టు మీద ఉందో సంఖ్యగా చెబుతుంది. ఒక్కో మెట్టు సుమారు 4.9 మిల్లీవోల్టులు. మా బిళ్ల ఇచ్చేది కొన్ని పదుల మిల్లీవోల్టులే. అంటే పది మెట్లు కూడా ఎక్కడం లేదు.

సరే, పెద్దది చేద్దామని ఎల్ఎం358కు 10 కిలోఓం, 100 కిలోఓం రెసిస్టర్లు పెట్టి 11 రెట్లు పెంచాం. ఈసారి 60, 110, 40 అని వచ్చాయి. సంతోషపడ్డాం. కానీ మధ్యమధ్యలో వరుసగా సున్నాలే. గీత గీసి చూస్తే అలలో పై సగమే ఉంది, కింది సగం లేదు.

మా సారు చూసి నవ్వారు. "తీగ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. సిగ్నల్ కూడా సున్నాకు పైకీ కిందికీ పోతుంది. మీ చిప్పుకు సున్నా కింద లోకమే లేదు. అక్కడ ఏమున్నా సున్నా అనే రాసుకుంటుంది. 11 రెట్లు కాదు, 1100 రెట్లు పెంచినా ఆ సగం రాదు. ముందు దాన్ని పైకి లేపి నిలబెట్టండి" అన్నారు.

అప్పుడు 5 వోల్టులకూ గ్రౌండుకూ మధ్య రెండు 100 కిలోఓం రెసిస్టర్లు పెట్టి, నడుమ వచ్చే 2.5 వోల్టుల మీద సిగ్నల్‌ను కూర్చోబెట్టాం. మొదట సంఖ్యలన్నీ 700 దగ్గర బిగుసుకుపోయాయి. మేము పెట్టిన 2.5 వోల్టులను కూడా ఆప్‌ఆంప్ 11 రెట్లు చేయబోయి తన పైహద్దుకు తగులుకుంది. 10 కిలోఓం రెసిస్టర్ కింద ఒక కెపాసిటర్ పెట్టాక ఆ చిక్కు పోయింది. తీగ కదలకపోతే 512, మీటితే దానికి పైనా కిందా అల. మొత్తం అల! హాస్టల్ స్టడీ హాల్లో రాత్రి పదకొండు గంటలకు నలుగురం కేకలు వేస్తే వాచ్‌మన్ తాత వచ్చి తిట్టాడు.

ఇంకో రెండు తప్పులు చేశాం. చదివిన ప్రతి సంఖ్యనూ అప్పటికప్పుడే తెర మీదికి పంపడం ఒకటి. బోర్డు సెకనుకు 9,600 సార్లు చదవగలదు, కానీ మేము పెట్టిన వేగంలో తెరకు చేరేవి రెండు వందలు కూడా లేవు. అల ఎన్నిసార్లు ఊగుతుందో దానికి రెండింతల కంటే ఎక్కువసార్లు చదవకపోతే లెక్క తప్పుతుంది. అందుకని 512 సంఖ్యలను ముందు మెమరీలో దాచి, తర్వాత లెక్క చేశాం. రెండోది, అన్నిటికంటే లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు ఊగాలి. మా యంత్రం 165 చూపించేది. బిళ్ల చాలా బలహీనమైనది. మా రెండు 100 కిలోఓంలూ దానికి 50 కిలోఓం బరువుగా తగిలి, లోతు స్వరాన్ని మింగేసేవి. ఆ స్వరానికి రెట్టింపుది మాత్రమే గట్టిగా మిగిలేది. నడిమి బిందువుకూ బిళ్లకూ మధ్య ఒక మెగాఓం రెసిస్టర్ పెట్టాం. 82 వచ్చింది.

ఏప్రిల్‌లో వైవా. ఎగ్జామినర్ గారు, "ఫోన్లో యాప్ ఉండగా ఇదెందుకు?" అని అడిగారు. "యాప్ లోపల జరిగేది కూడా ఇదే సార్. అది మాకు తెలియాలని చేశాం" అన్నాను. "ఈ మెగాఓం బదులు చిన్న రెసిస్టర్ పెడితే?" అన్నారు. ఆగకుండా చెప్పాను. ఆ తప్పు నేను చేసిందే కదా.

మిత్రులారా, ఇక్కడ నా గురించి ఒక మాట. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివి ఇక్కడికి వచ్చాను. మొదటి ఏడాది వైవాలో జవాబు తెలిసి కూడా ఇంగ్లీషులో నోరు పెగలలేదు. "గట్టిగా మాట్లాడు" అన్నారు అందరూ. నాకు లేనిది గొంతు కాదు, నిలబడే చోటు. నాకు తెలిసినదంతా సున్నా కింద ఉండిపోయింది, మార్కులు కూడా సున్నాలాగే పడ్డాయి. ఆ ఏడాది మన హాస్టల్ సీనియర్ అన్నలు స్టడీ అవర్లో ప్రతి పాఠం ముందు తెలుగులో చెప్పించి, తర్వాత ఇంగ్లీషులో చెప్పించారు. నన్ను పైకి లేపి నిలబెట్టింది వాళ్లే. గొంతు దానంతటదే వచ్చింది.

కొత్తగా వచ్చిన తమ్ముడు మాట్లాడకపోతే వాడికి ఏమీ రాదని అనుకోవద్దు. గట్టిగా మాట్లాడమని కసరవద్దు. ముందు పక్కన కూర్చోండి.

నా వాటా 225 పోగా మిగిలిన 1,775 అమ్మకు తిరిగి ఇచ్చాను. లెక్క రెండుసార్లు పెట్టుకుంది. చెల్లె కోసం అదే యంత్రాన్ని టిఫిన్ డబ్బాలో బిగించాను. పచ్చ లైటు వెలిగే దాకా మేకులు తిప్పి, ఆరు తీగలూ తనే శ్రుతి చేసుకుంటుంది. మొదటి బోర్డు మన స్టడీ హాల్ బీరువాలో ఉంది. కావలసినవాళ్లు విప్పి చూడండి. పాడైతే పాడైంది, మళ్లీ చేయడం మీకు వస్తుంది.